కైకాల సత్యనారాయణ అరవై ఏళ్లు తెర మీద ఎలా నిలిచారు? క్యారెక్టర్ నటుడు కావాలనుకునే ఒకరికి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కైకాల సత్యనారాయణ గారు హీరోగా ప్రవేశించి, మొదటి సినిమా ఆడకపోయినా ఊరికి తిరిగి వెళ్లిపోకుండా, డూప్‌గా, ప్రతినాయకుడిగా, అన్నగా, తండ్రిగా, యముడిగా దాదాపు అరవై ఏళ్లు ఎలా కొనసాగగలిగారు? ముప్పై రెండేళ్ల వయసులో, నాటకాల్లో వేషాలు వేస్తూ సినిమాల వైపు చూస్తున్న మీకు ఆయన జీవితంలో పనికివచ్చే పాఠం ఏమైనా ఉందా?

ఉంది. ముందే సూటిగా చెబుతాను. ఆయన అంతకాలం నిలవడానికి అసలు కారణం, ఎదుట నిలబడిన నటుడెవరో చూసి తన నటన పాళ్లను నిర్ణయించుకోగలగడమే. అందరూ ఆయన వైవిధ్యాన్ని పొగుడుతారు. అది నిజమే కానీ, వైవిధ్యం ఈ గుణం వల్ల వచ్చిన ఫలితమని నా అభిప్రాయం. ఎన్ని రకాల వేషాలు వేశారన్న లెక్క కంటే, ఒక్కొక్క సన్నివేశంలో ఎంత గట్టిగా పలకాలో, ఎంతసేపు మౌనంగా ఉండాలో, కథానాయకుడికి ఎంత దూరంలో నిలబడాలో ఆయనకు తెలియడం ముఖ్యం. దర్శకులూ నిర్మాతలూ మళ్లీ మళ్లీ పిలిచేది ఆ తెలివి ఉన్న నటుడినే.

నా గురించి రెండు మాటలు చెప్పడం అవసరం. నేను సుమారు పదిహేనేళ్లు రంగస్థలం మీద, ఎక్కువగా పౌరాణికాల్లో నటించాను. మధ్యలో కొంతకాలం సినిమాలకు సహాయ దర్శకుడిగా పని చేశాను. ఆ తరువాత నుంచి నటన, ముఖ్యంగా వాచికం, అంటే మాట పలికే తీరు, నేర్పుతున్నాను. సత్యనారాయణ గారితో కలిసి పని చేసే అవకాశం నాకు రాలేదు. ఆయన సినిమాలను తరగతిలో ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపిస్తూ విద్యార్థులతో కలిసి నేను తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన 1935 జూలై 25న కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు దగ్గరి కవుతరంలో పుట్టారు. గుడివాడ కళాశాలలో పట్టభద్రుడయ్యారు. చదువుకునే రోజుల్లోనే నాటకాలు వేశారు. మద్రాసు వెళ్లిన తరువాత నిర్మాత డి.ఎల్. నారాయణ ఆయనను గుర్తించి 'సిపాయి కూతురు' (1959)లో కథానాయకుడిగా పరిచయం చేశారు. అందులో ఆయన పక్కన జమున నటించారు. మొదటి అడుగుకు అంతకంటే మంచి అవకాశం ఆ రోజుల్లో దొరకదు. అయినా సినిమా ఆడలేదు. ఆ రోజుల్లో మొదటి సినిమా పోయిన కొత్త హీరోకు రెండో సినిమా రావడం ఎంత కష్టమో మద్రాసులో గడిపిన పాతతరం వారెవరిని అడిగినా చెబుతారు.

ఇక్కడే ఆయన జీవితంలోని అసలు మలుపు ఉంది. సత్యనారాయణ గారి ముఖకవళికలు, ఒడ్డూ పొడుగూ ఎన్.టి. రామారావు గారిని పోలి ఉండేవి. ఒక యువ నటుడికి ఇది మేలు చేసే పోలిక కాదు. రామారావు గారు అప్పటికే శిఖరం మీద ఉండగా ఆయనలా కనిపించే మరొక హీరో ఎవరికి కావాలి? కానీ ఆ పోలికే ఆయనకు పని తెచ్చిపెట్టింది. రామారావు గారు ఆయనను చేరదీశారు. 'సహస్ర శిరచ్ఛేద అపూర్వ చింతామణి' (1960)లో అవకాశం వచ్చింది. రామారావు గారు రెండు పాత్రలు ధరించిన సినిమాల్లో ఆయనకు డూప్‌గా నిలబడే పని కూడా దొరికింది.

డూప్ పనిని చిన్నచూపు చూసేవారికి దాని సంగతి తెలియదని నా నమ్మకం. కాబట్టి కొంచెం వివరిస్తాను. ఆ కాలంలో ఒకే నటుడు రెండు పాత్రలుగా ఒకే ఫ్రేములో కనిపించాలంటే, కెమెరాను కదలకుండా బిగించి, లెన్సుకు ఒక సగం నల్లని అడ్డు పెట్టి, ఒక పాత్రను చిత్రీకరించి, ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగానికి అడ్డు పెట్టి, రెండో పాత్రను చిత్రీకరించేవారు. దీన్ని మాస్క్ షాట్ అంటారు. అది చాలా సమయం తీసుకునే పని కనుక, ప్రతి షాటునూ అలా తీయడం సాధ్యం కాదు. మిగిలిన షాట్లలో ఒక పాత్ర ముఖం మనకు కనిపిస్తుంది, రెండో పాత్ర భుజమో వీపో కనిపిస్తుంది. సెట్ల మీద దీన్ని సజెషన్ షాట్ అనే పిలిచేవారు. ఆ భుజమూ వీపూ డూప్‌వి.

వీపు కూడా నటించాలి. అసలు నటుడు తలతిప్పే వేగం, మాట పూర్తయ్యాక ఊపిరి విడిచే తీరు, కోపం వస్తే భుజం లేచే కోణం, ఇవన్నీ డూప్‌కు కంఠతా రావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తాను ఏమాత్రం ఎక్కువ చేసినా ప్రేక్షకుడి కన్ను తన వైపు తిరుగుతుందనీ, తిరిగితే షాటు పాడవుతుందనీ తెలియాలి. ఒక మహానటుడికి రెండడుగుల దూరంలో, ఆయన లయను ఒంట పట్టించుకుంటూ, తన ముఖం కనిపించకుండా నిలబడి నేర్చుకునే చదువు ఏ శిక్షణ సంస్థలోనూ దొరకదు. సత్యనారాయణ గారి తరువాతి నటనలో నాకు కనిపించే ఆ పాళ్ల జ్ఞానానికి పునాది ఇక్కడే పడిందని నేను అనుకుంటాను. ఇది నా ఊహే అయినా, సహాయ దర్శకుడిగా డూప్‌లతో పని చేసిన అనుభవంతో చేస్తున్న ఊహ. నేను చూసిన డూప్‌లలో ఒకాయన రెండేళ్ల తరువాత చిన్న వేషం వేసినప్పుడు, ఎదుటి నటుడి మాట ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పకుండానే అందుకోవడం చూసి సెట్టంతా ఆశ్చర్యపోయింది.

తరువాత బి. విఠలాచార్య 'కనకదుర్గ పూజా మహిమ' (1960)లో ఆయనను ప్రతినాయకుడిగా నిలబెట్టారు. హీరోగా పనికిరాదనుకున్న మనిషిలో విలన్ ఉన్నాడని విఠలాచార్య గుర్తించడం ఆ దర్శకుడి చూపుకు నిదర్శనం. జానపదంలో విలన్ వేషాన్ని కూడా మనం తేలికగా తీసుకుంటాం. నిజానికి కత్తియుద్ధం, గుర్రపుస్వారీ, గట్టిగా నవ్వుతూనే స్పష్టంగా మాట పలకడం, బరువైన ఆహార్యంలో చురుగ్గా కదలడం, ఇవన్నీ ఒకే వేషంలో నేర్పే బడి అది. అప్పటికి ఆ స్థానంలో రాజనాల తిరుగులేకుండా ఉన్నారు. అలాంటి చోటికి వచ్చిన కొత్తవాడు రాజనాలను అనుకరిస్తే ఒకటి రెండు సినిమాలు దొరకవచ్చు, తరువాత అసలు రాజనాలనే పిలుస్తారు. సత్యనారాయణ గారి జానపద విలన్‌లో ఒక మొండి శారీరక బలం కనిపిస్తుంది. కుట్ర పన్నేవాడికంటే మీదపడి కొట్టేవాడిలా ఉంటాడు. అది ఆయన ఒంటికి సహజంగా అమరిన గుణం.

1963 వైపు ఒకసారి చూడండి. ఆ ఒక్క సంవత్సరంలోనే 'లవకుశ'లో ఆయన భరతుడు, 'నర్తనశాల'లో దుశ్శాసనుడు. రెండూ పెద్ద వేషాలు కావు. ఒకటి అన్న మాట జవదాటని తమ్ముడు, మరొకటి అన్న దుర్మార్గానికి చేతులుగా పనిచేసే తమ్ముడు. 'నర్తనశాల'లో కీచకుడిగా ఎస్.వి. రంగారావు గారు ఉన్నారు. ఆ పాత్ర ముందు మరొక దుష్టపాత్ర తలెత్తడం అసాధ్యం. సత్యనారాయణ గారు తలెత్తడానికి ప్రయత్నించలేదు. తన వంతు ఎంతో అంతే చేశారు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, హీరోగా ఒకసారి పోస్టర్ ఎక్కిన మనిషికి ఆ నిగ్రహం ఉండటం చిన్న విషయం కాదు.

ఈ జంటకు సరితూగే మరో జంట 1977 సంక్రాంతికి వచ్చింది. ఆ పండక్కి భారత కథతో రెండు భారీ చిత్రాలు పోటీపడ్డాయి. రామారావు గారి 'దానవీరశూర కర్ణ'లో సత్యనారాయణ గారు భీముడు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన 'కురుక్షేత్రం'లో ఆయనే దుర్యోధనుడు. ఒకే పండక్కి, ఒకే కథలో, ఒకచోట తొడ విరగ్గొట్టేవాడు, మరొకచోట తొడ విరిగి పడేవాడు. నా తరగతుల్లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించడం నాకు చాలా ఇష్టం. మొదటి సినిమాలో దుర్యోధనుడు రామారావు గారు. ఆయన వాక్ప్రవాహం ముందు భీముడు మాటతో నెగ్గలేడు. కాబట్టి సత్యనారాయణ గారి భీముడు కోపాన్ని ఛాతీలో, పిడికిలిలో దాచుకుంటాడు. రెండో సినిమాలో తానే రారాజు. అక్కడ మెడ నిటారుగా ఉంటుంది, చూపు ముందు కదులుతుంది, తల తరువాత కదులుతుంది. ఒకే శరీరం, ఒకే గద. ఎదుటి మనిషి మారడంతో నటన పాళ్లు మారాయి. మొదట్లో నేను చెప్పిన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ఇక సాంఘికాల్లో ఆయనను కొత్తగా చూపించిన చిత్రం కె. విశ్వనాథ్ 'శారద' (1973). అందులో ఆయన కథానాయికకు అన్న. చెల్లెలి మతి చలించిన బాధను లోపల అణుచుకుని బతికే మనిషి. అంతకు ముందు పదమూడేళ్లుగా ప్రేక్షకుడు ఆయన ముఖం చూడగానే ఏదో కీడు జరగబోతుందని ఊహించేవాడు. ఆ ఊహను చెరిపెయ్యడం చాలా కష్టం. ఆయన దాన్ని కన్నీళ్లతో సాధించలేదు. అంత భారీ మనిషి తన ఇంట్లో తానే అడుగుల చప్పుడు కానివ్వకుండా నడుస్తున్నట్లు కనిపిస్తాడు. మీరు ఆ సినిమాను ధ్వని తీసేసి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ముద్ర పడిపోయిందని బాధపడే నటులకు నేను చెప్పేది ఇదే: ముఖం మార్చుకోలేం, బరువును మోసే తీరు మార్చుకోగలం.

1974 జూలై 18న ఎస్.వి. రంగారావు గారు కన్నుమూశారు. ఆ ఖాళీలోకి సత్యనారాయణ గారు వచ్చారని సాధారణంగా చెబుతారు. ఇది కొంత నిజం. పౌరాణికాల్లో రాక్షసరాజులూ మహాబలులూ తరువాత ఎక్కువగా ఆయన్నే వెతుక్కుంటూ వెళ్లారు. బాపు 'సీతా కల్యాణం' (1976)లో రావణుడు ఆయనే. చాలా ఏళ్ల తరువాత ఎస్.వి. కృష్ణారెడ్డి 'ఘటోత్కచుడు' (1995)లో టైటిల్ పాత్ర ఆయనదే. 'మాయాబజార్' (1957) తరువాత తెలుగువాడి మనసులో ఘటోత్కచుడంటే ఎవరో చెప్పనక్కర లేదు. ఆ వేషం వేయడానికి ఒప్పుకోవడమే ధైర్యం.

కానీ ఈ పోలికను ఒక పరిమితికి మించి లాగకూడదు. రంగారావు గారి బలం గొంతు తగ్గించడంలో ఉంది. రాజసాన్ని ఆయన ఒక మామూలు విషయంలా, రోజూ తొడుక్కునే చొక్కాలా చూపించేవారు. సత్యనారాయణ గారి రాజసం రంగస్థలం నుంచి వచ్చినది. గుండె నిండా ఊపిరి తీసి, దీర్ఘాలను పూర్తిగా సాగదీసి, ఒత్తులను గట్టిగా పలికే సంప్రదాయం అది. ఒకరు గొప్ప, మరొకరు తక్కువ అని నేను అనడం లేదు. ఖాళీ అయిన స్థానంలో కూర్చున్నప్పుడు ఆయన పూర్వపు మనిషి కూర్చున్న భంగిమను అరువు తెచ్చుకోలేదన్నదే నేను గమనించమనేది. అదే కాలంలో 'ముత్యాల ముగ్గు' (1975)తో రావు గోపాలరావు గారు విలనీకి మరో భాషను తెచ్చారు. నింపాదిగా, తియ్యగా, గోదావరి యాసలో మాట్లాడుతూనే భయపెట్టే పద్ధతి అది. సత్యనారాయణ గారు ఆ పద్ధతిని కూడా అనుకరించలేదు. తండ్రి వేషాలూ పెద్దమనిషి వేషాలూ స్వీకరిస్తూ పక్కకు జరిగారు. అలా పక్కకు జరగడంలో ఉన్న వివేకాన్ని యువనటులు గమనించరు.

ఇప్పుడు యముడి సంగతి. మీరు ఆయన పేరు చెప్పగానే జనానికి మొదట గుర్తొచ్చే వేషమని రాశారు. నిజమే. తెలుగు తెర మీద యముడు ఆయనతో పుట్టలేదు. 'సతీ సావిత్రి' (1957)లోనూ, మనిషి యమలోకానికి వెళ్లి అక్కడ అల్లకల్లోలం చేసే 'దేవాంతకుడు' (1960)లోనూ రంగారావు గారే యముడు. సత్యనారాయణ గారి యముడు 'యమగోల' (1977)తో మొదలైంది. అక్కడ ఎదుట రామారావు గారు, పక్కన చిత్రగుప్తుడిగా అల్లు రామలింగయ్య గారు. పదకొండేళ్ల తరువాత 'యముడికి మొగుడు' (1988)లో ఎదుట చిరంజీవి గారు, చిత్రగుప్తుడు మళ్లీ రామలింగయ్య గారే. 'యమలీల' (1994)లో ఎదుట అలీ గారు, చిత్రగుప్తుడిగా బ్రహ్మానందం గారు. 1923లో పుట్టిన కథానాయకుడితో మొదలై 1955లో పుట్టిన కథానాయకుడి మీదుగా ఆ తరువాతి తరం వరకు, ఒకే వేషం మూడు తరాల ఎదుట నిలిచింది.

ఈ మూడింటినీ చూసినవారు యముడు ఒకేలా ఉన్నాడని అనుకుంటారు. వేషం ఒకటే, పాళ్లు వేరు. రామారావు గారి ముందు యముడు తన సభలో తానే కాస్త వెనక్కి తగ్గి, హీరో తర్కానికి ఉక్కిరిబిక్కిరి అవుతాడు. చిరంజీవి గారి ముందు ఆయన వేగానికి తట్టుకోలేని పెద్దవాడవుతాడు. 'యమలీల'కు వచ్చేసరికి కథ బరువులో సగం తానే మోయాలి. పోగొట్టుకున్న పుస్తకం కోసం భూలోకంలో వీధి వీధీ తిరిగే యముడు అక్కడ దాదాపు రెండో కథానాయకుడు. అప్పటికి ఆయనకు దాదాపు అరవై ఏళ్లు.

ఆ హాస్యం ఎలా పుడుతుందన్నది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కొన్నేళ్ల క్రితం నా విద్యార్థి ఒకడు ఒక చిన్న హాస్య నాటికలో యముడి వేషం వేశాడు. మంచి గొంతు, మంచి విగ్రహం. సాధనలో బాగా చేశాడు. ప్రదర్శన రోజున మొదటి మాటకే జనం నవ్వారు. ఆ నవ్వు వాడికి రుచించింది. రెండో మాటకు కళ్లు తిప్పాడు, మూడో మాటకు గదను భుజం మీద పిల్లవాడు బ్యాటు తిప్పినట్లు తిప్పాడు. అయిదు నిమిషాల్లో నవ్వులు ఆగిపోయాయి. వాడు భయపడి ఇంకా ఎక్కువ చేశాడు. నాటిక చల్లారిపోయింది. తెర వెనక వాడు ఏడుస్తూ కూర్చుంటే, నేను ఓదార్చి, మరుసటి వారం తరగతిలో సత్యనారాయణ గారి యముడిని చూపించాను. ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: ఈ యముడికి తాను హాస్యపాత్రనని తెలుసా?

తెలియదు. కీలకం అదే. ఆయన యముడు ఏ క్షణంలోనూ ధర్మరాజే. గొంతు ఒక గంభీరమైన పౌరాణిక నాటకంలో ఎలా ఉండాలో అలాగే ఉంటుంది. 'యముండ' అని ఆయన పలికినప్పుడు చివరి అక్షరం వరకు ఊపిరి నిలిచి ఉంటుంది. మధ్యలో ఎక్కడా నవ్వు కోసం జారదు. భూలోకపు తినుబండారానికి కూడా గ్రాంథికంలో పేరు పెట్టే మనిషి, తన భాషే అసలైన భాష, ఈ లోకమే వింతగా మాట్లాడుతోందన్న నమ్మకంతో ఉంటాడు. ఆ నమ్మకానికీ ఎదుటి వాస్తవానికీ మధ్య ఉన్న దూరంలో హాస్యం ఉంది. చిత్రగుప్తుడు కంగారు పడతాడు, తప్పు ఒప్పుకుంటాడు, అర్థం కాని ముఖం పెడతాడు. రామలింగయ్య గారూ బ్రహ్మానందం గారూ ఆ పనిని అద్భుతంగా చేశారు. యముడు కూడా అదే చేస్తే ఇద్దరూ ఒకే పని చేసినట్లవుతుంది. సత్యనారాయణ గారు కొండలా నిలబడితేనే ఆ కొండ మీద వారు ఆడుకోగలిగారు.

నా విద్యార్థి రెండోసారి అదే నాటికను వేశాడు. ఈసారి వాడికి నేను చెప్పిన షరతు ఒక్కటే: నువ్వు సావిత్రి ఎదుట నిలబడిన యముడివి, ఈ నాటిక సంగతి నీకు తెలియదు. మొదటి అయిదు నిమిషాలు నవ్వులు తక్కువగా వచ్చాయి. తరువాత ఆగలేదు.

వాచికం గురించి ఒక హెచ్చరిక. ఆయన యముడిని చూసి నేర్చుకోవాలనుకునేవారు చాలామంది అరుపును నేర్చుకుంటున్నారు. అది అరుపు కాదు. 'ధర్మము' అన్నప్పుడు ధకారానికి పొట్ట నుంచి గాలి రావాలి, 'భ', 'ఘ', 'ఛ' అక్షరాలు తమ ఒత్తుతో సహా వినిపించాలి, వాక్యం చివర గొంతు పడిపోకూడదు. గొంతు పెంచకుండా ఈ మూడూ చేయగలిగితే మాటకు దానంతట అదే గాంభీర్యం వస్తుంది. పెంచి చేస్తే రెండో ఆటకే గొంతు బొంగురుపోతుంది. నేను ఇరవై అయిదేళ్ల వయసులో రావణ వేషం వేస్తూ ఇదే తప్పు చేసి మూడు వారాలు మాట లేకుండా ఉన్నాను. కాబట్టి ఇది అనుభవంతో చెబుతున్న మాట.

అంకెల గురించి మీరు అడిగారు. ఆయన 777 సినిమాల్లో నటించారని చెబుతారు. అరవై ఏళ్లకు పంచితే ఏడాదికి సుమారు పదమూడు. ప్రేక్షకుడికి ఇది నమ్మశక్యం కాకపోవచ్చు గానీ, క్యారెక్టర్ నటుల కాల్షీట్లు, అంటే షూటింగుకు ఇచ్చే తేదీలు, తెలిసినవారికి ఆశ్చర్యం ఉండదు. హీరో ఒక సినిమాకు నెలల తరబడి కట్టుబడి ఉంటాడు. తండ్రి వేషానికో విలన్ వేషానికో పది, పదిహేను రోజులు చాలు. కష్టమంతా ఆ రోజులను కలపడంలో ఉంటుంది. హీరో, హీరోయిన్, మరో ఇద్దరు ముఖ్య నటులు కలిసి ఉండవలసిన కాంబినేషన్ సీన్లకు ఒకరి తేదీ తప్పితే అందరి తేదీలూ తప్పుతాయి. అందువల్ల వచ్చిన తేదీన వచ్చి, మాటలు పట్టుకుని, రెండు టేకుల్లో ముగించే నటుడికి నిర్మాత దృష్టిలో ఉండే విలువ విమర్శకులకు కనిపించదు. ఏడాదికి పదమూడు సినిమాలు అంటే ఆ విశ్వాసం అరవై ఏళ్లు చెడకుండా నిలిచిందని అర్థం.

ఇంకొక విషయం నిజాయితీగా చెప్పాలి. అన్ని వందల సినిమాల్లో అన్నీ మంచివి కావు. డెబ్బైల్లో, ఎనభైల్లో విలన్‌కు రాసిన వేషాలు చాలావరకు ఒకే అచ్చులో పోసినవి. ఆడపిల్లను వెంటాడటం, గోదాములో గద్దించడం, చివరి రీలులో దెబ్బలు తినడం. ఆయన కూడా అలాంటివి ఎన్నో చేశారు. కొన్నింటిలో ఆయన చేయడానికి ఏమీ లేదు, చేయలేదు కూడా. ఒక నటుడి మీద ప్రేమతో ఆయన చేసిన ప్రతిదాన్నీ గొప్ప అనడం ఆయనకు మనం చేసే మర్యాద కాదు. మంచి వేషం వచ్చినప్పుడు దాన్ని అందుకునే స్థితిలో ఉండటానికి ఆ మామూలు వేషాలు ఆయన ఒంటినీ గొంతునూ సాధనలో ఉంచాయని మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

మిగిలిన వివరాలు క్లుప్తంగా: రమా ఫిలిమ్స్ పతాకం మీద ఆయన కుటుంబం 'కొదమ సింహం' (1990) వంటి చిత్రాలు నిర్మించింది. 1996లో తెలుగుదేశం పార్టీ తరఫున మచిలీపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు. 'మహర్షి' (2019)లో చివరిసారి కనిపించారు. 2022 డిసెంబరు 23న హైదరాబాదులో, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇక మీ సంగతికి వస్తాను. ముప్పై రెండేళ్లకు తండ్రి వేషాలు ఒప్పుకుంటే హీరో అవకాశం శాశ్వతంగా పోతుందేమోనన్న మీ భయం నాకు బాగా తెలుసు. నాకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు ఒక సినిమాలో కథానాయికకు తండ్రిగా వేయమని అడిగారు. జుట్టుకు తెలుపు వేస్తే ఇక జీవితమంతా తెలుపే అని స్నేహితులు భయపెట్టారు. నేను కాదన్నాను. ఆ వేషం నాకంటే రెండేళ్లు చిన్నవాడైన మరో నటుడికి వెళ్లింది. ఆయన ఆ తరువాత ఇరవై ఏళ్లు ఖాళీ లేకుండా పని చేశారు. నేను హీరో వేషం కోసం మూడేళ్లు ఎదురుచూశాను. అది రాలేదు. అప్పట్లో నాకు ఎవరైనా గుమ్మడి గారి పుట్టిన సంవత్సరం చెప్పి ఉంటే బాగుండేది. ఆయన 1927లో పుట్టారు, రామారావు గారికంటే నాలుగేళ్లు చిన్న. తెర మీద తనకంటే పెద్దవారికి అన్నగా, తండ్రిగా నిలబడి, తెలుగు సినిమాకు పెద్దరికమంటే ఎలా ఉంటుందో ఆయనే చూపించారు. వయసు మేకప్‌తో రాదు. కూర్చునే ముందు కుర్చీని చూసుకునే ఆ ఒక్క క్షణంలో వస్తుంది.

కాబట్టి తండ్రి వేషం వస్తే ఒప్పుకోండి. అయితే ఒక షరతు పెట్టుకోండి. కథ వినేటప్పుడు నిడివి అడగవద్దు, ఆ పాత్ర ఎదుట ఎవరుంటారో అడగండి. మంచి నటుడి ఎదుట మూడు సీన్లు, బలహీనుడి ఎదుట ముప్పై సీన్లకంటే ఎక్కువ నేర్పుతాయి, ఎక్కువ కనిపిస్తాయి కూడా.

సాధనకు మీరు అడిగిన సినిమాల వరుస ఇది. మొదట 'నర్తనశాల' చూడండి, ఆయన ఎంత తక్కువ చేశారో గమనించండి. తరువాత 'శారద'ను ధ్వని లేకుండా చూడండి. ఆ పైన 1977 నాటి భీముడినీ దుర్యోధనుడినీ ఒకే రోజున చూడండి, గద పట్టుకున్న చేతిని మాత్రమే గమనిస్తూ. చివర 'యమగోల', 'యమలీల' పెట్టుకుని, ఈసారి తెర వైపు చూడకుండా వినండి. ఎక్కడైనా ఆయన నవ్వు కోసం గొంతు మార్చినట్లు మీకు వినిపిస్తే ఆ సన్నివేశం ఏదో ఇక్కడ రాయండి. నాకు ఇప్పటివరకు వినిపించలేదు.